ఆలీ మాట్సన్: రెండు మైదానాల పరుగు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చంకన పెట్టుకున్నవాడి మీద ఎదుటి పదకొండు మందీ విరుచుకుపడతారు. ట్రాక్ మీద ఎవరి లేన్ వారిది, ఎవరూ ముట్టుకోరు. ఈ రెండు చోట్లా మెరిసిన నల్లజాతి క్రీడాకారుడు ఆలీ మాట్సన్.

1930లో టెక్సస్ రాష్ట్రం ట్రినిటీలో పుట్టాడు. ఆటలో పేరు తెచ్చింది శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం. 1951లో కోచ్ జో కుహారిచ్ చేతికింద ఆ జట్టు ఆడిన 9 మ్యాచ్‌లూ గెలిచింది. మాట్సన్ 1,566 గజాలు పరిగెత్తి, 21 టచ్‌డౌన్లు చేశాడు. ఆ ఏడాది కాలేజీ ఆటగాళ్లలో అంత దూరం పరిగెత్తినవాడు మరొకడు లేడు.

అంత గెలిచిన జట్టుకు, సీజన్ చివర్లో మేటి కాలేజీ జట్ల మధ్య జరిగే బౌల్ మ్యాచ్ పిలుపు రావాలి. కానీ మాట్సన్‌నూ, మరో నల్లజాతి ఆటగాడు బర్ల్ టోలర్‌నూ ఇంటి దగ్గర వదిలేసి వస్తేనే అన్నది షరతు. వాళ్లు లేకుండా మేమూ రామన్నారు తోటి ఆటగాళ్లు. ఆ మ్యాచ్ డబ్బు ఎంతో అవసరమైన రోజులవి. సీజన్ ముగియగానే ఖర్చు భరించలేక విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌నే ఆపేసింది. అయినా ఆ కుర్రాళ్లు మాట తప్పలేదు.

మరుసటి వేసవిలో మాట్సన్ హెల్సింకి ఒలింపిక్స్‌లో ఉన్నాడు. 400 మీటర్లలో కాంస్యం గెలిచాడు. 4×400 రిలేలో అమెరికా తరఫున మొదటి చుట్టు అతనిదే. చివరికి జమైకా 3 నిమిషాల 3.9 సెకన్లలో, అమెరికా 3 నిమిషాల 4 సెకన్లలో ముగించాయి. సెకనులో పదోవంతు తేడాతో స్వర్ణం పోయి రజతం దక్కింది.

ఆ ఏడాదే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు షికాగో కార్డినల్స్‌లో చేరాడు. 1959లో అతనొక్కడి కోసం లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు, ఆటగాళ్లూ కొత్తవాడిని ఎంచుకునే డ్రాఫ్ట్ అవకాశమూ కలిపి తొమ్మిదింటిని వదులుకుంది. ఆ బేరం కుదిర్చిన రామ్స్ జనరల్ మేనేజర్ పీట్ రోజెల్ ఒకప్పుడు మాట్సన్ ఆడిన శాన్‌ఫ్రాన్సిస్కో కాలేజీ జట్టుకే ప్రచార బాధ్యతలు చూసినవాడు. ఇక మాట్సన్‌తో పాటే బౌల్ మ్యాచ్‌కు వద్దనిపించుకున్న టోలర్, మోకాలి దెబ్బతో ఆటకు దూరమైనా 1965లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో తొలి నల్లజాతి అంపైరింగ్ అధికారి అయ్యాడు.

1972లో మాట్సన్‌కు ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. అదే ఏడాది ఆ గౌరవం అందుకున్న మరొకరు జీనో మార్చెట్టి. 1951లో మాట్సన్ లేకుండా రామన్న శ్వేతజాతి సహచరుల్లో అతనూ ఒకడు. ఇరవై ఏళ్ల కింద ఒకడిని గుమ్మం బయటే ఆపాలని చూశారు, ఈసారి ఇద్దరూ కలిసే లోపలికి నడిచారు.