ఇంట ధ్వనిముద్రణ: మైకు చాటు సామగ్రి

ఇంటిలో ఒక గదిని ధ్వనిముద్రణకు సిద్ధము చేసుకొనదలచినవారు మమ్ములను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: మైకు ఏది కొనవలెను? సమాధానము చెప్పుట కష్టము కాదు. కాని నాలుగు నెలలు గడచిన పిమ్మట అదే మనిషి తిరిగి వచ్చి, మంచి మైకే కొన్నాననీ, గొంతు మాత్రము బావిలో నుండి వచ్చినట్లున్నదనీ అంటాడు. లోపము మైకుది కాదు; దాని చుట్టూ ఉండవలసిన వస్తువులది. వాటిని గురించి ఎవరూ అడుగరు. వాటికీ చరిత్ర ఉన్నది. అది మైకు చరిత్రకంటె పాతది కూడ.

ఈ మాట కల్వకుర్తి ప్రాంతమువారికి ప్రత్యేకించి చెప్పుటకు కారణము లేకపోలేదు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు దక్షిణముగా, లింగాల మండలములో అవుసలికుంట అనే ఊరున్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగిలయ్యగారి ఊరది. కిన్నెర నాదము మెత్తనిది, సొరబుర్రలలో పుట్టి దగ్గరివారికే వినబడునది. దానితో పాడే గొంతు మాత్రము నాలుగు వీథులకు వినబడవలసిన గొంతు. ఆ రెంటిని ఒక ఇంటి గదిలో కూర్చుండబెట్టి పట్టుకొనుట ఎట్లు? వాయించేవారు బహు కొద్దిమందియైన వాద్యము విషయములో ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట ముద్రించినాడు. అప్పటికి ఈ పనిలో విద్యుత్తు లేదు, మైకు లేదు. ఒక పెద్ద బాకా, దాని కొనను సూది, సూది క్రింద మైనపు పలక, అంతే. గాయని ముఖము బాకాలో పెట్టినంత దగ్గరగా నిలిచి పాడవలెను. మైకు వాడుకలోనికి వచ్చినది 1925 ప్రాంతమున, విద్యుత్ ధ్వనిముద్రణతో. అంతవరకు ఆ పనివారి నేర్పంతా గదిలోనూ, దూరములోనూ, ఎవరిని ఎక్కడ నిలుపవలెనన్న లెక్కలోనూ ఉండెను. మైకు వచ్చిన తరువాత మనము ఆ లెక్కను మరచినాము.

గది సంగతి శాస్త్రముగా తేల్చినది హార్వర్డు విశ్వవిద్యాలయములోని వాలేస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ ఉపన్యాసశాలలో పలికిన మాట దాదాపు ఐదున్నర సెకన్లు మ్రోగుచుండెనట. ఒక మాట చల్లారకముందే పది మాటలు వచ్చి మీద పడుచుండును. సబీన్ ప్రక్క నాటకశాల నుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక ఆర్గన్ గొట్టము మ్రోగించి, ఎన్ని మెత్తలు పరచిన ఎంత త్వరగా ధ్వని అణగునో గడియారము పెట్టి కొలిచినాడు. పగటి సందడికి భయపడి అర్ధరాత్రి దాటిన తరువాతనే పని. తెల్లవారక ముందే మెత్తలన్నీ తిరిగి యథాస్థానమునకు. మనుష్య దేహము కూడ ధ్వనిని మ్రింగునని ఆయన లెక్క కట్టినాడు. సభ నిండినప్పుడు హాలు బాగుగా వినబడుట అందుకే. అర్ధరాత్రి పని చేయుట కూడ సామగ్రిలో చేర్చదగినదే. హైదరాబాదు బస్సులూ లారీలూ తిరిగే కల్వకుర్తి రోడ్డు ప్రక్క ఇండ్లవారికి ఇంతకంటె చవకైన ఉపాయము లేదు.

మెత్తలు మనకెక్కడివి అనవద్దు. పాలమూరు గొర్రెల ఉన్నితో నేసిన గొంగడి ఉన్నది, ఇంటి బొంతలున్నవి. సిమెంటు గోడలూ, శ్లాబూ, బండల నేల ఉన్న గదిలో గొంతు బావిలో నుండి వచ్చినట్లుండుటకు కారణము ఆ గట్టి తలములే. గొంగడిని గోడకు అంటించక, జానెడు ఎడము విడిచి వ్రేలాడదీసినచో ఫలము హెచ్చు. ఎడము ఉన్నకొలది కాస్త బొంగురు స్వరములు కూడ అణగును. బజారులో అమ్మే పలుచని నురుగు పలకలు ఎంత చక్కగా కనిపించినా పై స్థాయి ధ్వనులనే ఆపగలవు. గుడ్ల అట్టలు అతికించుట మాత్రము శుద్ధ దండుగ. ఇవి ఏవీ బయటి మ్రోతను లోనికి రాకుండ ఆపవు. దానికి తలుపు సందులు మూయవలెను, ఫ్యాను ఆపవలెను.

ఇల్లే స్టూడియో కావడము మన రాజధానికి కొత్త కాదు. 1930ల తొలినాళ్ళలో హైదరాబాదులో మహబూబ్ అలీ చిరాగ్ అలీ వీథిలోని తన ఇంటి నుండి రేడియో ప్రసారములు నడిపినాడు. నిజాము ప్రభుత్వము దానిని తీసికొనగా 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో వెలసినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసినది. ఒక మహాసంస్థకు మొదటి గది ఒక గృహస్థుని గదియే.

చెవికి పెట్టుకొనే ఫోను కూడ ఇంటిలో పుట్టినదే. 1910 ప్రాంతమున అమెరికాలోని యూటాలో నథేనియల్ బాల్డ్విన్ తన వంటింటి బల్లపై వాటిని తయారు చేసి అక్కడి నౌకాదళమునకు పంపినాడు. ముద్రించేటప్పుడు ఇవి లేనివారు చీకటిలో వంట చేసినట్లే. చెవిని పూర్తిగా మూసే రకము కొనవలెను. లేనిచో వాటి ధ్వని మైకులోనికి తిరిగి దూరును.

విద్యుత్తు సంగతి చిత్రమైనది. కండెన్సరు మైకులకు పనిచేయుటకు 48 వోల్టులు కావలెను. ఆ సంఖ్య ఎక్కడిది? 1966లో జర్మనీలోని నాయ్‌మన్ సంస్థ నార్వే రేడియోకు మైకులు చేసి ఇచ్చినప్పుడు, చలికాలపు చీకటికై అక్కడి స్టూడియోలలో దీపములకు 48 వోల్టుల ఏర్పాటు అప్పటికే ఉండెను. దానినే మైకునకు వాడుకొన్నారు; లోకమంతా అదే నిలిచినది. మైకు కొనే ముందు మీ పెట్టె ఆ 48 వోల్టులు ఇచ్చునా అని చూచుకొనుడు. తీగ మూడు మొనలదై ఉండవలెను: ఒకే సంకేతము రెండు తీగెలలో తలక్రిందులుగా నడచును, దారిలో సోకిన రొద రెంటికీ సమానముగా అంటును, చివర ఒకదాని నుండి ఒకటి తీసివేయగా రొద పోయి పాట మిగులును. ఇంటి విద్యుత్తు నుండి వచ్చే యాభై హెర్ట్జుల గుర్రుకు ఇదే మందు.

స్టాండు మాట విడువరాదు. అంగళ్ళలో దొరికేవి నిలిచి పాడేవారికి చేసినవి. కిన్నెర పట్టి కూర్చున్న మనిషికి పొట్టి స్టాండు కావలెను. ఒక మైకు బుర్రల వైపు, ఇంకొకటి నోటికి జానెడు దూరములో. స్టాండు క్రింద మడిచిన గొంగడి వేసినచో నేల అదరు పైకి రాదు. ప, ఫ, భ అక్షరముల గాలి దెబ్బకు అల్లికల చట్రములో బిగించిన పలుచని గుడ్డ చాలును.

ఇక అన్నిటికంటె ఉపేక్షితమైనది. జహీరాబాదు వద్ద మాచునూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆశ్రయమున దళిత స్త్రీలు నడిపే సంగం రేడియోకు 2008 అక్టోబరు 15 వరకు ప్రసారయోగము కలుగలేదు. స్టూడియో మాత్రము అంతకు పదేండ్ల ముందరిది. ఆ నిరీక్షణలోనూ వారు రికార్డు చేయుట మానలేదు. టేపులను సంఘపు కూటములలో వినిపించుకొన్నారు. ఇట్టి టేపు ఎవరిదో, ఏ ఊరిదో వ్రాసి ఉంచకపోయినచో అది పదేండ్లకు అనాథ అగును. గౌహర్ జాన్ ప్రతి పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. అది డంబము కాదు: పలకలు జర్మనీలోని హానోవరుకు పోయి అచ్చగును, అక్కడి పనివారికి ఏ పలక ఎవరిదో తెలియదు. చేతిలో ఏ యంత్రమున్నను, పాట ముగిసిన వెంటనే మైకు ఆపక, పాడినవారి పేరు, వాద్యము పేరు, ఊరు, తేది పలికించి ముద్రించుడు. తరువాత ఆ ధ్వనిని రెండు చోట్ల దాచి, రెండవది వేరొక ఇంట ఉంచుడు.