అమెరికా హైస్కూళ్లలో ప్రభుత్వ విధానం, ఆర్థికశాస్త్రాల బోధన

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో హైస్కూలు చదువు తొమ్మిదో తరగతితో మొదలై పన్నెండో తరగతితో ముగుస్తుంది. విద్యార్థికి పదిహేడు, పద్దెనిమిదేళ్లు నిండే ఆ చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు అమెరికా ప్రభుత్వ విధానాన్ని, మరో సెమిస్టరు ఆర్థికశాస్త్ర మూలసూత్రాలను బోధించడం న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి పెద్ద రాష్ట్రాలలో స్థిరపడిన పద్ధతి. తెలుగు రాష్ట్రాలలో ఈ రెండు శాస్త్రాలూ ఇంటర్మీడియట్ స్థాయిలో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. గ్రూపులు తీసుకున్నవారికే అందుతాయి. ఇవి తప్పనిసరి అయిన అమెరికన్ రాష్ట్రాలలో మాత్రం ఇంజనీరింగు వైపు వెళ్లదలచినవారైనా, చదువు అక్కడితో ఆపేసి పనిలో చేరేవారైనా వీటిని పూర్తి చేయనిదే పట్టా పొందలేరు. ప్రభుత్వ విధానం లేదా పౌరశాస్త్రం అత్యధిక రాష్ట్రాలలో ఏదో ఒక రూపంలో తప్పనిసరి కాగా, ఆర్థికశాస్త్రం సుమారు సగం రాష్ట్రాలలోనే ఆ స్థాయికి చేరింది.

దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక లేదు. కేంద్రానికి ప్రత్యేకంగా అప్పగించని అధికారాలు రాష్ట్రాలకూ ప్రజలకూ చెందుతాయని రాజ్యాంగపు పదో సవరణ చెబుతున్నందువల్ల విద్య రాష్ట్రాల బాధ్యత అయింది. రాష్ట్రాలు అందులో చాలా భాగాన్ని స్థానికంగా ఎన్నికయ్యే స్కూల్ బోర్డులకు విడిచిపెట్టాయి. విద్య రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1973లో శాన్ ఆంటోనియో స్కూల్ డిస్ట్రిక్ట్ వర్సెస్ రోడ్రిగ్జ్ కేసులో తీర్పు చెప్పింది. అందువల్ల ఒకే పాఠానికి వేర్వేరు రాష్ట్రాలలో వేర్వేరు పేర్లూ మొగ్గులూ ఉన్నాయి. న్యూయార్క్‌లో ప్రభుత్వ విధానపు కోర్సును ‘ప్రభుత్వంలో భాగస్వామ్యం’ అని వ్యవహరిస్తే, టెక్సస్‌లో ఆర్థికశాస్త్రపు కోర్సు పేరులోనే స్వేచ్ఛా వ్యాపార వ్యవస్థ, దాని ప్రయోజనాలు అన్న మాటలు చేరాయి.

చరిత్ర

రాజ్యాంగాన్ని బడిపిల్లలకు వివరించే పుస్తకాలు 1830 దశకంలోనే వెలువడ్డాయి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ 1834లో ప్రచురించినది వాటిలో ప్రసిద్ధమైనది. ఆర్థికశాస్త్రానికి అంత సులువుగా చోటు దొరకలేదు. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వంలోని ‘పదిమంది సంఘం’ తరఫున 1892 డిసెంబరులో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఒక నిపుణుల సమావేశం జరిగింది. అప్పటికి ప్రిన్స్‌టన్‌లో ఆచార్యుడుగా ఉన్న వుడ్రో విల్సన్ కూడా పాల్గొన్న ఆ సమావేశం, అర్థశాస్త్రాన్ని హైస్కూలులో విడి పాఠంగా చెప్పనవసరం లేదనీ, చరిత్ర, పౌర ప్రభుత్వం, వాణిజ్య భూగోళం చెప్పేటప్పుడు దాని అంశాలను కలిపి చెబితే చాలుననీ అభిప్రాయపడింది. ఆర్థికశాస్త్రం తరగతి గదిలో అర్ధ శతాబ్దం పాటు వెనుకబడి ఉండటానికి ఈ సలహా కారణమని కొందరు రాస్తారు. అయితే బోధించగల ఉపాధ్యాయులు లేకపోవడం అంతకంటె పెద్ద కారణమనుకోవడం సమంజసం.

నేటి ఏర్పాటుకు మూలం 1916 నాటి నివేదిక. నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ నియమించిన సాంఘికశాస్త్రాల సంఘం థామస్ జెస్సీ జోన్స్ అధ్యక్షతన, ఆర్థర్ విలియం డన్ కార్యదర్శిగా పనిచేసి, తొమ్మిదో తరగతిలో ‘సమాజ పౌరశాస్త్రం’, పన్నెండో తరగతిలో ‘ప్రజాస్వామ్య సమస్యలు’ అనే కోర్సులను సూచించింది. మొదటిదానిలో రాజ్యాంగ అధికరణాల కంటె నీటి సరఫరా, ప్రజారోగ్యం, అగ్నిమాపక దళం వంటి ఊరి విషయాలు ముందుకు వచ్చాయి. రెండోది ఆర్థిక, రాజకీయ, సామాజిక ప్రశ్నలను విడదీయకుండా ఒకేచోట చర్చించాలన్నది. ఆనాడు హైస్కూలు పూర్తి చేసే యువకుల సంఖ్య చాలా స్వల్పం కావడంతో, ఎక్కువమందికి అందేది తొమ్మిదో తరగతి కోర్సేనని సంఘం భావించింది. తరువాతి దశాబ్దాలలో అత్యధికులు పన్నెండో తరగతి దాకా నిలబడటంతో బరువు చివరి ఏడాది మీదికి మారింది. ఈ మార్పును ఎవరూ ప్రణాళిక వేసి తీసుకురాలేదనే చెప్పాలి.

ఈ నివేదిక ఉద్దేశంపై చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. అభ్యుదయవాద సంస్కరణల ఫలితంగా దీనిని చూడటం సంప్రదాయ దృక్పథం. జోన్స్ అంతకు ముందు వర్జీనియాలో నల్లజాతి, ఆదివాసీ విద్యార్థుల కోసం నెలకొన్న హాంప్టన్ సంస్థలో ఇటువంటి పాఠాలనే రూపొందించినందున, అణకువగల పౌరులను తయారుచేయడమే దీని అంతరార్థమని మైకెల్ లైబార్గర్ వాదించాడు. పౌరసత్వాన్ని ఓటు నుంచి, రాజకీయ హక్కుల నుంచి వేరుచేసి ఇరుగుపొరుగు సహకారంగా మార్చడం దీని అసలు ఫలితమని జూలీ రూబెన్ 1997లో చూపింది. రచయితల ఆంతర్యాన్ని ఊహించడం కంటె పాఠ్యపుస్తకాలలో మిగిలిన గుర్తులను పరిశీలించిన ఈ మూడో వివరణకే సాక్ష్యబలం ఎక్కువ.

ఫ్రాంక్ అబట్ మగ్రూడర్ 1917లో ప్రచురించిన ‘అమెరికన్ గవర్నమెంట్’ ఈ రంగంలో దీర్ఘకాలం ఏలిన పాఠ్యపుస్తకం. ఏటేటా సవరణలు పొందుతూ, ఆయన 1949లో మరణించిన తరువాత కూడా ఆయన పేరుతోనే కొనసాగింది. తపాలా శాఖ, ఉచిత ప్రభుత్వ విద్య వంటివాటిలో సామ్యవాద, కమ్యూనిస్టు లక్షణాలున్నాయన్న అర్థం వచ్చే వాక్యాల కారణంగా అదే ఏడాది హ్యూస్టన్ స్కూల్ బోర్డు ఆ పుస్తకాన్ని నిషేధించింది. అంతకు ముందే, కొలంబియా టీచర్స్ కాలేజి ఆచార్యుడు హెరాల్డ్ రగ్ రాసిన సాంఘిక పాఠ్యపుస్తకాలపై అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘమూ, పరిశ్రమాధిపతుల, ప్రకటనదారుల సంఘాలూ 1939 నుంచి దాడి సాగించగా, విస్తారంగా వాడుకలో ఉన్న ఆ పుస్తకాలు కొద్ది సంవత్సరాలలోనే బడుల నుంచి తొలగిపోయాయి. ‘అమెరికనిజం వర్సెస్ కమ్యూనిజం’ పేరుతో ముప్పై గంటల పాఠాన్ని తప్పనిసరి చేస్తూ ఫ్లోరిడా 1961లో చట్టం తెచ్చింది. సంపద, పన్ను, ఆస్తి అన్న అంశాలు పాఠంలోకి వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయుడు బయటి ఒత్తిళ్లకు లోనయ్యాడని ఈ ఉదంతాలు చూపుతున్నాయి.

ఆర్థికశాస్త్రాన్ని ఒక పక్షం ప్రచారంగా కాక ఆలోచనా పద్ధతిగా నేర్పాలన్న ప్రయత్నం జాయింట్ కౌన్సిల్ ఆన్ ఎకనామిక్ ఎడ్యుకేషన్‌తో బలపడింది. దీని స్థాపన 1948లో జరిగిందని కొన్ని ఆకరాలు, 1949లో అని మరికొన్ని పేర్కొంటాయి. మొదటిది న్యూయార్క్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉపాధ్యాయుల వేసవి శిక్షణ జరిగిన సంవత్సరం కాబట్టి, సంస్థకు 1949నే గ్రహించడం ఉచితం. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ తోడ్పాటుతో ఏర్పడిన జాతీయ కార్యవర్గం 1961లో హైస్కూలులో తెలియవలసిన కనీస విషయాలను నిర్దేశించింది. 1994 నాటి ‘గోల్స్ 2000’ చట్టం పౌరశాస్త్రం, ప్రభుత్వ విధానంతో పాటు ఆర్థికశాస్త్రాన్నీ ముఖ్య పాఠ్యాంశాల జాబితాలో చేర్చాక, 1997లో ఇరవై ఐచ్ఛిక ప్రమాణాలు వెలువడ్డాయి.

పాఠ్యాంశాలు, బోధన

ప్రభుత్వ విధానంలో సమాఖ్య విధానం, శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల మధ్య అధికార విభజన, ఒక శాఖ మరొకదానిని అదుపులో ఉంచే నిరోధ సమతౌల్యాలు, చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అని కోర్టు తేల్చే న్యాయసమీక్ష ప్రధానాంశాలు. కళాశాల స్థాయికి సమానమైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో విద్యార్థులు తొమ్మిది మూలపత్రాలను స్వయంగా చదవాలి. బలమైన కేంద్రాన్ని సమర్థించిన ‘ఫెడరలిస్ట్’ వ్యాసాలలో నాలుగింటితో పాటు, దాన్ని ఎదిరించిన ‘బ్రూటస్’ మొదటి వ్యాసమూ, మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖా వాటిలో ఉన్నాయి. ఓడిన పక్షపు వాదాన్ని కూడా ఆ పక్షం మాటల్లోనే చదివించడం ఈ ప్రణాళికలోని గొప్ప గుణం. విద్యార్థులకు దగ్గరగా తోచే కేసు టింకర్ వర్సెస్ డె మోయిన్. వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965 డిసెంబరులో నల్ల పట్టీలు ధరించి బడికి వచ్చిన పిల్లలను సస్పెండు చేయగా, బడి ఆవరణలో కూడా విద్యార్థికి భావప్రకటన స్వేచ్ఛ ఉంటుందని సుప్రీంకోర్టు 1969లో ప్రకటించింది.

ఆర్థికశాస్త్రం కొరత, అవకాశ వ్యయం అన్న భావనలతో మొదలవుతుంది. ఒకదానిని ఎంచుకున్నందువల్ల వదులుకోవలసి వచ్చిన వాటిలో ఉత్తమమైనదాని విలువే అవకాశ వ్యయం. తరువాత గిరాకీ, సరఫరా, పోటీ, గుత్తాధిపత్యం, ద్రవ్యోల్బణం, ప్రభుత్వ ఆదాయవ్యయాలకు సంబంధించిన కోశ విధానం, దేశపు కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ నిర్వహించే ద్రవ్య విధానం వస్తాయి. తరగతిలో బాగా నాటుకునేది సంత ఆట. సగంమందికి కొనుగోలుదారులుగా తాము ఇవ్వగల గరిష్ఠ ధర, మిగతావారికి అమ్మకందారులుగా తమకు పడిన ఖర్చు చీటీలపై రాసి రహస్యంగా ఇస్తారు. వారు గదిలో తిరుగుతూ బేరమాడి, కుదిరిన ధరను బోర్డుపై రాయిస్తారు. రెండు మూడు విడతలు గడిచేసరికి చెదిరి ఉన్న ధరలు ఒక అంకె చుట్టూ చేరతాయి; గ్రాఫులో గీతలు కలిసే బిందువు అదేనని ఉపాధ్యాయుడు ఆ తరువాత చూపుతాడు. ఇటువంటి ఆటను హార్వర్డ్‌లో ఆడించిన ఎడ్వర్డ్ ఛాంబర్లిన్ 1948లో దాని ఫలితాలను ప్రచురిస్తూ, ధరలు సమతౌల్యానికి చేరడం లేదని చూపాడు. ఆయన శిష్యుడు వెర్నన్ స్మిత్ బేరాలను బహిరంగంగా, పలుమార్లు జరిపించి 1962లో భిన్నమైన ఫలితం ప్రకటించాడు. ప్రయోగాత్మక ఆర్థికశాస్త్రంలో కృషికి 2002లో నోబెల్ బహుమానం పొందాడు. సంత ఫలితం సంత నియమాలపై ఆధారపడుతుందన్న ఈ రెండో సగాన్ని చాలా తరగతులు వదిలేయడం విచారకరం, ఎందుకంటే ఆర్థికశాస్త్రం ప్రభుత్వ విధానంతో కలిసేది అక్కడే.

ఫలితాలు, వివాదాలు

పౌరశాస్త్ర కోర్సుల ప్రభావం దాదాపు శూన్యమని, 1965లో సేకరించిన సమాచారం ఆధారంగా కెనెత్ లాంగ్టన్, కెంట్ జెనింగ్స్ 1968లో తేల్చారు; ఇంటి వద్ద ఈ విషయాలు అంతగా అందని నల్లజాతి విద్యార్థులలో మాత్రం చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించింది. ముప్పై ఏళ్ల తరువాత రిచర్డ్ నీమీ, జేన్ జన్ జాతీయ పరీక్షల సమాచారంతో తరగతి బోధనకు, వర్తమాన విషయాల చర్చకు స్పష్టమైన ఫలితం ఉందని చూపారు. తొలి నిర్ణయాన్ని నేటికీ ఉదహరించేవారున్నా, అందులోని ఆ మినహాయింపే దానికంటె విలువైన విషయం. 2006 జాతీయ పరీక్షలలో పన్నెండో తరగతివారిలో ‘ప్రావీణ్య’ స్థాయిని అందుకున్నవారు ఆర్థికశాస్త్రంలో 42 శాతం, పౌరశాస్త్రంలో 27 శాతం. ప్రమాణాలు వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తూచరాదు. 2010లో పౌరశాస్త్రపు అంకె 24 శాతానికి తగ్గింది. ఆ పరీక్షను ఆ తరువాత ఎనిమిదో తరగతికే పరిమితం చేశారు.

పౌరసత్వం కోరే వలసదారులను అడగడానికి అప్పట్లో ఉన్న వంద ప్రశ్నల జాబితాలో కనీసం అరవైకి సరైన జవాబు చెబితేనే పట్టా ఇవ్వాలని 2015లో ఆరిజోనా తొలిసారిగా చట్టం చేసింది. తెలుగు కుటుంబాలలో తల్లిదండ్రులు పౌరసత్వ ఇంటర్వ్యూకూ, పిల్లలు బడి పరీక్షకూ ఒకే ప్రశ్నావళిని చదివే పరిస్థితి దీనివల్ల సాధ్యమైంది. జవాబులు ముందే ప్రకటితమైన ఈ పరీక్ష జ్ఞాపకశక్తినే కొలుస్తుందన్న విమర్శ న్యాయమైనది. తగిన పౌర విద్య అందించకపోవడం రాజ్యాంగ విరుద్ధమని రోడ్ ఐలాండ్ విద్యార్థులు 2018లో ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. 2020లో జిల్లా న్యాయస్థానమూ, 2022 జనవరిలో అప్పీలు న్యాయస్థానమూ ఆ వాదాన్ని తిరస్కరించాయి.

ఇటీవలి మార్పులలో దూరప్రభావం గలది వ్యక్తిగత ఆర్థిక నిర్వహణ పాఠం, అంటే బ్యాంకు ఖాతా, అప్పు, బీమా, చదువు రుణం వంటివాటి బోధన. 2024లో కాలిఫోర్నియా చేసిన చట్టం 2030–31లో పట్టా పొందే విద్యార్థుల నుంచి దీనిని తప్పనిసరి చేస్తూనే, కోరినవారు ఆర్థికశాస్త్ర సెమిస్టరుకు బదులుగా దీనితోనే సరిపెట్టుకునే వెసులుబాటు కల్పించింది. ఆ వెసులుబాటును విస్తారంగా వాడుకుంటే, సొంత అప్పుపై వడ్డీ లెక్కగట్టగలిగి, ఆ వడ్డీ రేటును ప్రభావితం చేసే ఫెడరల్ రిజర్వ్ గురించి ఒక్క పాఠమైనా వినని విద్యార్థి ఓటరుగా బయటికి రావచ్చు.