పరిగె ఏరే చేతులు

మా చిన్నప్పుడు కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకునే ఆడవాళ్లను చూసేదాన్ని. "పరిగె ఏరుకోవడం" అనేవారు. మరిచేపోయిన ఆ మాటను మొన్న ఒక బొమ్మల పుస్తకం గుర్తుచేసింది. అందులో పక్కపక్కనే రెండు చిత్రాలు. రెంటిలోనూ ఫ్రాన్సు పల్లెల్లో పరిగె ఏరే స్త్రీలే!

మొదటిది మిలే 1857లో వేసింది. ముగ్గురు ఆడవాళ్లు. ఇద్దరు నేలకి వంగి గోధుమ వెన్నులు ఏరుతున్నారు. మూడో ఆవిడ సగం వంగి ఉంది. ముఖాలు సరిగా కనపడవు. కనపడేవల్లా వంగిన నడుములూ, మొరటు చేతులూను. వెనక దూరంగా పెద్ద పెద్ద కుప్పలు, బండి, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంటంతా అటు, రాలిన గింజలు ఇటు!

రెండోది 1859లో జూల్ బ్రెటన్ వేసింది. పొద్దు గూకింది. ఇక చాలించమని కావలివాడు కేకేస్తున్నాడు. ఆడవాళ్లు మోపులతో బయల్దేరారు. చిరుగుబట్టలే, ఉత్తకాళ్లే. అయినా ఆ నడకలో ఎంత ఠీవి అనుకున్నారు!

మిలే బొమ్మ చూసి ఆనాటి పెద్దలు కొందరు ఉలిక్కిపడ్డారు. 1848 విప్లవం జరిగి అప్పటికి తొమ్మిదేళ్లే మరి. మూడు వేల ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. బ్రెటన్ బొమ్మను మాత్రం మహారాణి యూజనీ ముచ్చటపడి రాజకుటుంబానికి కొనిపించింది.

మిలే రైతుబిడ్డ. కుర్రతనంలో తనూ పొలం పని చేశాడు. బ్రెటన్ తండ్రి ఒక జమీందారు భూములకు అజమాయిషీదారు. ఒకరు నడుంనొప్పి తెలిసి గీశారు, ఇంకొకరు గట్టుమీంచి చూసి గీశారు అనిపించింది నాకు. బ్రెటన్‌ది అబద్ధమనను. పేదరాలికీ ఠీవి ఉంటుంది. కానీ ఆయన చూపింది పని ముగిశాక!

1889లో మిలే చిత్రం మూడు లక్షల ఫ్రాంకులు పలికింది. ఏరినవాళ్లకు మాత్రం ఆ గింజలే! ఇప్పుడా రెండు చిత్రాలూ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలోనే ఉన్నాయి.

మన ముందుగదిలో ఏది పెట్టుకుంటాం? నేనైతే మొదట బ్రెటన్‌దే అనుకున్నాను, కంటికి హాయిగా ఉంటుందని. అంతలో మా పనిమనిషి చీపురు పుచ్చుకుని గదిలోకి వచ్చింది. పదేళ్లుగా మా ఇల్లు ఊడుస్తోంది. ఆమె అంటే నాకు గుర్తొచ్చేది వంగిన వీపే సుమండీ!

పుస్తకం మూసి, "కాస్త కూర్చోవే, కాఫీ తాగుదువుగాని" అన్నాను. ఆమె నడుం నిటారుగా చేసి నావంక చూసింది. అప్పుడు చూశాను ఆమె ముఖం.