గల్ఫ్‌కు పిల్లల బర్త్ సర్టిఫికెట్: కోటబొమ్మాళి వాళ్లు ఏ ముద్ర, ఎక్కడ వేయించుకోవాలి?

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస, ఉద్దానం ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పనికెళ్లినవాళ్లు భార్యాపిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలంటే పిల్లల బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇక్కడ ఇచ్చిన కాగితం ఉన్నదున్నట్టు అక్కడ చెల్లదు. దాని మీద భారత విదేశాంగ శాఖ ముద్ర ఉండాలి.

ఏ దేశానికి ఏ ముద్ర?

1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకు ‘అపోస్టిల్’ చాలు. ఈ ఒప్పందం మన దేశంలో 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. ఒమన్, బహ్రెయిన్ ఇందులో ఉన్నాయి. సౌదీ అరేబియాలో 2022 డిసెంబర్ 7 నుంచి అమలైంది. యూఏఈ, కువైట్, ఖతార్‌లకు మాత్రం మామూలు అటెస్టేషన్ చేయించి, ఆపైన ఇక్కడున్న ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర వేయించుకోవాలి.

ముద్ర కంటే ముందు తప్పులు

ఈ ముద్ర చెప్పేది ఒక్కటే: కాగితం మీద సంతకం, సీలు అసలైనవని. లోపల రాసింది సరైనదా కాదా అన్నది అది చూడదు. తప్పున్న సర్టిఫికెట్‌కు ముద్ర వేయిస్తే, తర్వాత సరిచేసిన కొత్త కాగితంతో మొత్తం పని మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి ముందు ఇవి చూసుకోవాలి:

• పిల్లల పేరు ఉందా? పుట్టగానే నమోదు చేయించడం వల్ల చాలా కాగితాల్లో పేరు ఉండదు. ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు.
• పాస్‌పోర్టులో ‘షేక్’, సర్టిఫికెట్‌లో ‘ఎస్‌కే’. ఒకచోట ‘మొహమ్మద్’, మరోచోట ‘ఎండీ’. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరం. ఇలాంటి తేడాలు ఉండకూడదు.
• తల్లిదండ్రుల పేర్లు వాళ్ల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయా?

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం తప్పులు సరిచేసే అధికారం నమోదు చేసిన రిజిస్ట్రార్‌దే.

ఎక్కడ పుడితే అక్కడే

నమోదు జరిగేది పుట్టిన చోటే గానీ సొంతూరులో కాదు. కాన్పు టెక్కలి ఆసుపత్రిలో అయితే కోటబొమ్మాళి పంచాయతీలో వెతికి లాభం లేదు. బరంపురంలో పుడితే ఒడిశా ప్రభుత్వం, పోర్ట్ బ్లెయిర్‌లో పుడితే అండమాన్ పాలనా యంత్రాంగం ధ్రువీకరించాలి.

అసలు నమోదే కాకపోతే? 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజుల వరకు ఆలస్య రుసుము. ఏడాదిలోపైతే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే 2023 సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశం ఉండాలి. కోటబొమ్మాళి టెక్కలి రెవెన్యూ డివిజన్‌లో ఉంది కాబట్టి ముందు అక్కడి ఆర్డీఓ ఆఫీసులో అడగాలి.

పని జరిగే వరుస

1. రిజిస్ట్రార్ సంతకం, సీలు ఉన్న ఒరిజినల్ తీసుకోవాలి. లామినేషన్ చేయించొద్దు.
2. రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ. హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ చేస్తుంది. మన రాష్ట్ర సచివాలయం వెలగపూడిలో ఉంది.
3. విదేశాంగ శాఖ. జనం నుంచి నేరుగా కాగితాలు తీసుకోదు. శాఖ గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఢిల్లీతో పాటు హైదరాబాద్‌లోనూ ఈ పని జరుగుతుంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలు, ఏజెన్సీ ఛార్జీ వేరు.
4. యూఏఈ, కువైట్, ఖతార్‌లకైతే రాయబార కార్యాలయం.

ఎవరైనా ఏజెంటుకు ఒరిజినల్ ఇచ్చేముందు ఆ ఏజెన్సీ పేరు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. రసీదు తప్పక తీసుకోవాలి. ఒక జిరాక్స్ ఇంట్లో దాచుకోవాలి.