భివండి నేతవాడలు – రోగగణన చరిత్ర

ఠాణా నగరమును విడిచి, కశేళి వంతెనపై ఖాడీని, అనగా సముద్రపు పాయను, దాటి, కాల్హేర్ గ్రామమును గడచి భివండికి పోవు పాత రహదారిలో పూర్ణ యను గ్రామము తగులును. నేడచట వరిమళ్లకంటె గోదాములే యెక్కువ. బొంబాయి నగరపు ఆక్ట్రాయి సుంకము తగులని దూరములో సరుకు నిలువచేసికొనదలచిన వర్తకులకై దశాబ్దముల తరబడి లేచిన యా గోదాముల వరుసలు, 2017లో జి.ఎస్.టి. వచ్చి ఆ సుంకము రద్దయిన పిదపను తగ్గలేదు. పూర్ణ దాటి రాహనాళ్ మీదుగా ఊరిలోనికి పోగా ముందుగా చెవిని బడునది మరమగ్గముల చప్పుడు. తెలంగాణపు నేతగాండ్రు సాంచెలని పిలుచుకొను ఆ మగ్గములు రేకుల షెడ్లలో, ఇరుకు కార్ఖానాలలో, పగటి షిఫ్టని రాత్రి షిఫ్టని భేదము లేక ఆడుచుండును. ఈ యూరినుండి దినమునకు ఎన్ని తానుల గుడ్డ వెలువడునో సేట్ల చిట్టాలు చెప్పగలవు. ఆ గుడ్డ నేసినవారిలో ఎందరు దగ్గుచున్నారో, ఎందరు జ్వరపడి ఊరికి తిరిగిపోయినారో చెప్పగల చిట్టా యేదియని విచారించుటయే ఈ వ్యాసపు పని.

భివండి నూతనముగా మొలచిన పట్టణము కాదు. కామ్వారి నది యొడ్డున, సముద్రపు పాయలకు చేరువగా, కళ్యాణ రేవునకు పొరుగున వెలసిన యీ యూరికి వర్తకమును నేతయు రెండును పాత యలవాట్లే. 1857 నాటి సంక్షోభము తరువాత ఉత్తర హిందూస్థానమునుండి తరలివచ్చిన మోమిన్ నేతగాండ్రు ఇచట మగ్గములు నిలిపిరి. వారి వెనుక నిజాం రాజ్యపు మెట్టసీమలనుండి, కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతములనుండి, మృత్యువును జయించిన మార్కండేయుని వంశజులమని చెప్పుకొను పద్మశాలీలు వచ్చి చేరిరి. వారి పేరనే పద్మనగరమను పేట యేర్పడినది. బొంబాయి మిల్లులు పాతబడినవని పారవేసిన మగ్గములను కొని, వానికి విద్యుత్తు తగిలించి, చేతిమగ్గపు యజమానులు క్రమముగా మరమగ్గపు యజమానులైరి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వమున రెండు లక్షలకు పైబడిన మిల్లు కార్మికులు సమ్మె కట్టి, ఆ సమ్మె ముగింపు లేక చెదరిపోయిన తరువాత, మిల్లులు నేయవలసిన గుడ్డలో పెద్దపాలు భివండి షెడ్లకు తరలివచ్చినది.

అట్లు తరలివచ్చినపుడు కూలిరేటు తగ్గెనని అందరును చెప్పుదురు. తగ్గిన దింకొకటి కలదు. మిల్లులో కార్మికునకు హాజరుపట్టీ యుండెను, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఉండెను, అదే సంవత్సరపు ఈ.ఎస్.ఐ. చట్టము క్రింద డాక్టరును చీటీయు నుండెను. విద్యుత్తుతో పనిచేయు చోట పదిమంది కార్మికులున్ననే ఆ ఫ్యాక్టరీల చట్టము వర్తించుచుండెనుగాన, ఒక్క షెడ్డును నాలుగు పేరులమీద నాలుగు ముక్కలుగా వ్రాసికొన్నచో చట్టము గుమ్మము వెలుపలనే నిలిచిపోవుచుండెను. ప్రత్తిధూళి వలన ఊపిరితిత్తులు బిగిసిపోవు బిసినోసిస్ అను వ్యాధి ఆ చట్టపు మూడవ షెడ్యూలులో తెలియజేయవలసిన రోగముగా చేర్చబడి యుండెను. కాని తెలియజేయవలసిన యజమాని చట్టపు దృష్టిలో యజమానియే కానపుడు ఆ నియమము ఎవరిని బద్ధుని చేయును? మిల్లు మూతపడినపుడు కార్మికుడు ఉద్యోగముతోపాటు తన పేరు వ్రాయబడిన పుస్తకమును గూడ పోగొట్టుకొనెను.

రోగులను లెక్కించుట ప్రభుత్వమునకు ఈ ప్రాంతమున ఎట్లలవడినదో తెలియుటకు 1896 వరకు వెనుకకు పోవలెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ పేటలో డాక్టరు అకాసియో వీగాస్ ప్లేగును గుర్తించెను. మరుసటి ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చెను. నాలుగే నాలుగు సెక్షనులు గల ఆ చిన్న చట్టము అధికారులకు ఇండ్లు సోదా చేయుటకు, ప్రయాణికులను నిలిపి పరీక్షించుటకు, రోగులను వేరుచేసి కొనిపోవుటకు అపరిమితమైన అధికారము నిచ్చెను. హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు అదే కాలమున బొంబాయిలో ప్లేగు టీకా సిద్ధపరచి, 1897 జనవరి 10న ముందుగా తన దేహముపైనే ప్రయోగించుకొనెను. శాస్త్రమట్లు స్వదేహమును పణముగా నొడ్డుచుండగా, శాసనము పరుల గృహముల తలుపులు బ్రద్దలుకొట్టుచుండెను. పూనాలో సోదాల యధికారి ర్యాండ్ 1897 జూన్ 22 రాత్రి చాఫేకర్ సోదరులచే కాల్చబడెను. 1898 మార్చిలో బొంబాయిలోని జులాహాలను ముస్లిం నేతగాండ్రు తమ వాడలోని రోగగ్రస్తయగు బాలికను పరీక్షింప వచ్చినవారిని అడ్డగించగా, ఆ యడ్డగింపు నగరమెల్ల వ్యాపించిన అల్లరియై, ప్రాణములు దీసినది.

నేతగాండ్రు అజ్ఞానులై వైద్యమును నిరాకరించిరని ఆనాటి యధికారులు వ్రాసికొనిరి. అది సగము సత్యము కూడ కాదు. ఆసుపత్రికి కొనిపోబడినవాడు తిరిగి వచ్చుట అరుదైనపుడు, అచట కులాచారము గాని ఆడువారి మర్యాద గాని నిలువనపుడు, రోగిని దాచుట ప్రేమయే కాని ద్రోహము గాదు. దాచబడిన రోగి లెక్కకు రాడు. లెక్క పెట్టుటకే కఠినమైన బలగము వచ్చిన ప్రతిచోట లెక్క తప్పుచునే వచ్చినది. ఈ విషయమును బొంబాయి 1898లోనే నేర్పినను, నేర్చుకొనుటకు దేశమునకు చాలకాలము పట్టెను.

ప్లేగు తుపానువలె వచ్చి పోవునది. క్షయ యట్టిది కాదు, అది కాపురముండు రోగము. ఆయుర్వేదపు చరకుడు రాజయక్ష్మకు, అనగా క్షయకు, నాలుగు కారణములు చెప్పెను: సాహసము, అనగా శక్తికి మించిన శ్రమ, వేగసంధారణము, అనగా దేహపు సహజవేగముల నణచుకొనుట, ధాతుక్షయము, అనగా దేహధాతువులు క్షీణించుట, విషమాశనము, అనగా వేళకాని వేళ కుదురులేని తిండి. 1882లో రాబర్ట్ కాఖ్ క్రిమిని కనుగొన్న తరువాత ఇవి కారణములు కావని తేలినను, క్రిమికి దారి తెరచు పరిస్థితులుగా నేటికిని కొట్టివేయదగినవి కావు. పలుమగ్గముల నడుమ పండ్రెండు గంటలు ఒక్కడై నిలబడి, మగ్గము విడిచిన పోగు తెగునని మూత్రమునకైన కదలక, మెస్సులో దొరికినది తిని, రాత్రి షిఫ్టువాడు లేచిన పరుపుపైననే పగటి షిఫ్టువాడు మేనువాల్చు గదిలో ఈ నాలుగును ఒక్కచోట కూడియున్నవి. గాలి చొరని ఆ గదిలో దగ్గువాని ఊపిరియే పక్కవాని ఊపిరి యగును.

క్షయను శాస్త్రీయముగా లెక్కించుపనిలో మన తెలుగునేలకును పాలు కలదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో తెరవబడిన శానటోరియమును డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడపెను. 1948లో దేశమున బి.సి.జి. టీకా తొలుత వేయబడిన స్థలములలో మదనపల్లె యొకటి. తరువాత యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1950 మొదలు 1955 వరకు చుట్టుపట్ల పల్లెలలో ఇంటింటికి తిరిగి జనులను పరీక్షించి, ఒక సమాజమంతటిలో క్షయ యెట్లు పుట్టి, వ్యాపించి, అణగునో పరిశీలించెను. 1955–58 నాటి జాతీయ సర్వే క్షయ పట్టణములతోపాటు పల్లెలలోను ఇంచుమించు సమముగనే యున్నదని చూపెను. పట్టణమునుండి పల్లెకు, పల్లెనుండి పట్టణమునకు సంవత్సరమున రెండుమారులు తిరుగు నేతకూలీని చూచినవారికి ఇది వింత కాదు. మద్రాసు పరిశోధనకేంద్రము 1959లో, ఇంటివద్ద మందు తీసికొన్న రోగియు శానటోరియములోని రోగితో సమానముగ కోలుకొనునని నిరూపించెను. భోర్ కమిటీ 1946లో దేశమున ఇరువదియైదు లక్షల క్షయరోగులను, ఆరువేల పడకలను మాత్రమే లెక్కించి నిస్పృహ చెందిన స్థితిలో ఈ నిరూపణము గొప్ప విడుదల.

అయినను నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచు పరిశోధన 1963లో బెంగళూరు క్షయసంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ ప్రకటించినది. తుముకూరు పల్లెలలో కళ్లెలో క్రిములున్న రోగులను వెదకి, మీకు రోగమున్నట్లు తెలియునా, తెలిసినచో ఏమి చేసితిరని వారడిగిరి. రోగులలో సగముమందికి పైగా అప్పటికే వైద్యశాల మెట్టెక్కియున్నారు. అచట వారికి దొరికినది దగ్గుమందు సీసా. పామరులు వైద్యమునకు రారన్న నింద అరువదేండ్లక్రిందటనే ఇట్లు తిరుగబడినది: రోగి వచ్చినాడు, వైద్యమే అతనిని గుర్తింపలేదు. రోగగణనయు వైద్యపు మేలిమియు రెండు వేరు విషయములు కావనుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు. గుర్తింపని వైద్యుడు లెక్కింపను లేడు.

భివండివంటి యూరిలో ఆ తొలి గుమ్మము ప్రభుత్వపు ఆసుపత్రి కాదు. ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రి యొకటి కలదు గాని, పనిదినము పోగొట్టుకొనలేని కూలి, షిఫ్టు దిగగానే సందు మొగలోని ప్రైవేటు దవాఖానకే పోవును. అచట సూది, రెండుదినముల గోళీలు, అప్పుకు మాట. ఈ దవాఖానల వైద్యము ఎట్టిదో భివండికి చేరువనున్న ధారావిలో ముకుంద్ ఉప్లేకర్ పరిశీలించి 1991లో ప్రకటించెను: ఒకే క్షయరోగికి మందు వ్రాయుమని నూరుమంది వైద్యుల నడుగగా, వారు ఎనుబది రకముల చీటీలు వ్రాసిరి. దాదాపు ఇరువదేండ్ల తరువాత, 2010లో, జరీర్ ఉద్వాడియాతో కూడి మరల పరీక్షించినపుడు నూట ఆరుగురిలో ఆరుగురే సరియైన చీటీ వ్రాయగలిగిరి. ఇట్టి చీటీలే మందులకు లొంగని క్షయను పెంచినవి.

ఈ నడుమ 1994 సెప్టెంబరులో మరొక మరమగ్గపు నగరమైన సూరత్‌లో ప్లేగు వార్త పుట్టెను. తెలుగు నేతగాండ్రు వేలకొలది బ్రతుకు ఆ నగరమునుండి జనులు లక్షలుగా రైళ్లెక్కి పారిపోయిరి. దవాఖానలు మూసికొని పోయిన ప్రైవేటు వైద్యులును అందులో కలరు. మరుసటి సంవత్సరము మునిసిపల్ కమిషనరుగా వచ్చిన తెలుగువాడు సూర్యదేవర రామచంద్రరావు చెత్తను, మురుగును, ఆహారపు అంగళ్లను దినదినము తనిఖీ చేయించి, జ్వరముల లెక్కను వార్డులవారీగా తెప్పించుకొని ఆ నగరపు ముఖమునే మార్చెను. సూరత్ దెబ్బ తగిలిన తరువాతనే దేశమునకు నిఘా వ్యవస్థ యొకటి కావలెనన్న జ్ఞానము కలిగి, 2004 నవంబరులో సమగ్ర వ్యాధి నిఘా పథకము మొదలయ్యెను. ఆరోగ్యకార్యకర్త లక్షణములను, వైద్యుడు అనుమానమును, ప్రయోగశాల నిర్ధారణను మూడు ఫారములలో వారమువారము పంపవలసి యుండెను. ఏర్పాటు చక్కనిదే, కాని సందు మొగలోని దవాఖాన ఆ ఫారమును నింపునా? 2012 మేలో క్షయను తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించినది ఈ లోపమును పూరించుటకే.

తెలియజేయుట యొక యెత్తు, సరిగా చూచుట యొక యెత్తు. బొంబాయి, పాట్నా నగరములలో శిక్షితులైన మనుష్యులను క్షయలక్షణములు గల రోగులవలె నటింపజేసి ప్రైవేటు దవాఖానలకు పంపిన పరిశోధన 2018లో వెలువడినది. సందర్శనములలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే సరియైన రీతిని సాగినవి. లోపము క్షయకే పరిమితము కాలేదు. 2022 చివర పొంగు, అనగా తట్టు, బొంబాయిలోను, దానితోడ మాలేగాఁవ్, భివండి యను రెండు మరమగ్గపు ఊళ్లలోను విజృంభించినపుడు, కోవిడ్ కాలమున ఆగిన టీకాల బాకీయెంతో బిడ్డల ప్రాణములతో తెలిసివచ్చినది.

అయినను ఈ యూరి చరిత్రలో వేరొక పుటయు కలదు. 2020 వేసవిలో కోవిడ్ భివండిని చుట్టుకొనినపుడు, పురపాలకులు మొహల్లా క్లినిక్కులు తెరచి పేటలోని ప్రైవేటు వైద్యులనే కలుపుకొనిరి. శాంతినగర్ మక్కా మసీదు తన హాలులో ఊపిరాడనివారికి ఉచితముగా ప్రాణవాయువు నిచ్చెను. 1898లో బొంబాయి నేతగాండ్రు వైద్యుని అడ్డగించిరి; 2020లో భివండి నేతవాడవారు మసీదులో పడకలు పరచిరి. మారినది వారి మతము కాదు, జ్ఞానము కాదు; వారివద్దకు వైద్యము వచ్చిన రీతి.

కాబట్టి ఈ నూటపాతికేండ్ల చరిత్ర చెప్పుతీర్పు స్పష్టమైనది. రోగి ముందుగా ఎవరివద్దకు పోవునో ఆ వైద్యునికి మంచి మందును, మంచి శిక్షణను, ప్రయోగశాలను అందింపక ఫారములు మాత్రమే పంపినచో నిఘా కాగితముగనే మిగులును. భివండినుండి సిరిసిల్లకో నల్లగొండకో పోవు కూలి చికిత్సచీటీ అతనితోపాటు పోయి, అక్కడి దవాఖానలో ఆతని పేరు మరల వ్రాయబడవలెను; లేనిచో మహారాష్ట్రపు లెక్కనుండి కొట్టివేయబడి, తెలంగాణపు లెక్కలో చేరక, ఆతడు రెండు రాష్ట్రముల నడుమ ఎవనికిని చెందని రోగియగును. షెడ్డు ఎంత చిన్నదైనను అందు పనిచేయువాని పేరు ఏదో యొక ఆరోగ్యపుస్తకములో నుండవలెనని శాసనము చేయుట ప్రభుత్వముల విధి. ఆ శాసనమును అడుగుట నేతసంఘముల విధి. ఈ యూరి గుడ్డ కట్టుకొను మనమందరము ఆ యడుగుటలో వారికి తోడగుట న్యాయము.