ఖ్వాజా అన్న మాట కొజ్జా ఎలా అయింది?



సావనీరుకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు కుతుబ్‌షాహీల గురించో, ఆసఫ్‌జాహీల గురించో వ్రాద్దామనుకున్నాను. కానీ చాలాకాలంగా ఒక మాట నా మనస్సులో ముల్లులా ఉండిపోయింది. నా తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. నడక, మాటతీరు కొంచెం ఆడపిల్లల వలె ఉండేవి. తోటి పిల్లలు వాడిని "కొజ్జా" అనేవారు. పిల్లల అల్లరే కదా అని నేను ఊరుకున్నాను. ఆ ఏడు సగంలోనే వాడు బడి మానేశాడు. భాష చెప్పే పంతులునై ఉండి ఆ మాట సంగతి పిల్లలకు చెప్పలేదు. ఆలస్యంగానైనా ఇక్కడ చెబుతున్నాను.

"ఖ్వాజా" ఫారసీ పదం. ప్రభువు, పెద్ద అని అర్థం. అజ్మీరు ఖ్వాజా గరీబ్ నవాజ్ వారి పేరులో ఉన్నది ఈ పదమే. "సరా" అంటే మహలు. మహలు పెత్తనం చూచే నపుంసకులను మర్యాదగా "ఖ్వాజాసరా" అనేవారు. అది వాడుకలో "ఖోజా" అయి, తెలుగులో "కొజ్జా" అయింది. తుర్కీలో "ఆగా" అన్నారు. అదీ దొర అనే మాటే. మదీనాలో ప్రవక్త (స) వారి మస్జిదులో సేవ చేసిన ఇటువంటి ఖాదిములను శతాబ్దాలపాటు ఆగాలనే పిలిచారు. ఇంత మర్యాదగల మాట మన వీధికి వచ్చేసరికి తిట్టుగా మారింది.

అయితే ఆ మర్యాద వెనుక క్రౌర్యం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. మనుషులను ఖస్సీ చేయటాన్ని ప్రవక్త (స) నిషేధించారు. అయినా సుల్తానులు, బాదుషాలు అట్లా చేయబడిన బానిసలను కొనడం మానలేదు. 1299లో గుజరాత్ దండయాత్రలో ఖంబాయత్ రేవులో పట్టుబడిన మాలిక్ కాఫూర్ అటువంటివాడే. అతడే అలావుద్దీన్ ఖిల్జీ సేనానియై 1310లో మన ఓరుగల్లు కోటను ముట్టడించి కాకతీయ ప్రతాపరుద్రుని సంధికి దింపాడు. పౌరుషం లేనివాడని ఎవరిని హేళన చేస్తామో, అటువంటివాడి ముందు రాజ్యాలు తలవంచినవి.

ఇక మనం చేసే పెద్ద పొరపాటు, అందరినీ ఒకే గాటన కట్టడం. అరబీలో "ఖున్సా" అంటే పుట్టుకతోనే దేహంలో స్త్రీ పురుష చిహ్నాలు రెండూ గలవారు. మన హనఫీ ఫిఖహ్ గ్రంథం "హిదాయా"లో చివరి అధ్యాయం వీరి గురించే. నమాజులో ఏ వరుసన నిలబడాలి అన్నది కూడా అందులో చర్చించారు. అంటే వీరికి మస్జిదులో చోటున్నదా అన్నది ప్రశ్నే కాదు, ఎక్కడ అన్నదే ప్రశ్న. "ముఖన్నస్" అంటే నడకలో, మాటలో స్త్రీని పోలినవాడు. ఆ తీరు పుట్టుకతో వచ్చినదైతే అతనిపై నింద లేదని, కావాలని వేషం కడితేనే తప్పని ఇమామ్ నవవీ (మరణం 1277) వివరించారు. ఖ్వాజాసరా ఇతరుల కత్తికి బలి అయినవాడు. హిజ్రా అంటే గురువు, చేలా అనే కట్టుబాటుతో బ్రతికే సమాజం. కొందరు దీనిని పవిత్రమైన "హిజ్రత్"తో ముడిపెట్టి వేళాకోళం చేస్తారు. ఉర్దూలో ఈ మాటను "డే" అక్షరంతో వ్రాస్తాము. అరబీలో ఆ అక్షరమే లేదు. నేటి "ట్రాన్స్‌జెండర్" ఇంకొక మాట. పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో వ్రాసినది ఒకటి, తన అంతరంగం చెప్పేది మరొకటి అయినవారు.

ఇతర జాతుల సంగతి చూడండి. ఇండోనేషియాలోని సులవేసీ దీవిలో బుగీలనే వారున్నారు, అత్యధికులు ముస్లిములే. వారి భాషలో స్త్రీ, పురుషులు గాక చలబాయ్, చలలాయ్, బిస్సు అని మరి మూడు పేర్లున్నవి. మన తెలుగులో తిక్కన విరాటపర్వంలో బృహన్నలకు వాడిన మాట "పేడి". ఆ బృహన్నలకే రాజు తన కుమార్తెను శిష్యురాలిగా అప్పగించాడు.

హేళన చివరకు చట్టం కూడా అయింది. 1871లో ఆంగ్లేయులు క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో వీరిని చేర్చారు. 1919లో మన హైదరాబాదు సంస్థానం కూడా వీరి పేర్లకు రిజిస్టరు పెట్టింది. ఆడవేషంలో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. నిజాం రాజ్యం పోయినా ఆ చట్టం పోలేదు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వీరిని తృతీయ లింగంగా గుర్తించింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ పాత చట్టాన్ని కొట్టివేసింది. అంటే నూరేళ్లు దాటింది.

శస్త్రచికిత్స మొదలగు విషయాలలో ఉలమాల మధ్య భేదాలున్నవి. ఇరాన్‌లో 1980 దశకంలో ఖుమైనీ అనుమతించారు. పాకిస్తాన్ 2018లో చేసిన చట్టంలో కొన్ని సెక్షన్లను అక్కడి ఫెడరల్ షరియత్ కోర్టు 2023లో తోసిపుచ్చింది. ఫత్వా ఇవ్వడం నా పని కాదు. కానీ ఒక విషయంలో ఎవరికీ భేదం లేదు. ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలుచుకోరాదని సూరయె హుజురాత్ 11వ ఆయతు శాసిస్తున్నది.

పిల్లలకు వ్యాకరణం చెబుతూ ఒక సంగతి గమనించాను. ఉర్దూలో కితాబు స్త్రీలింగం, కలం పుంలింగం. ఫారసీలో ఆడా మగా ఇద్దరికీ "ఊ" ఒక్కటే. తెలుగులో వాడు, ఆమె అని వేరుచేస్తాము గాని, గౌరవించవలసి వస్తే ఇద్దరినీ "వారు" అంటాము. మర్యాద ఇచ్చేచోట మన భాష ఆడా మగా అని అడగదు. పెండ్లివారింటి గుమ్మంలో, బస్సులో, బజారులో వీరు ఎదురైనప్పుడు ఆ ఒక్క మాట చాలు.

బడి మానిన ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియదు. అల్లాహ్ వాడిని చల్లగా చూడుగాక, నా మౌనాన్ని క్షమించుగాక. ఆమీన్.