మారియెంటాల్ అధ్యయనం

మారియెంటాల్ అధ్యయనం, నిరుద్యోగం మనిషిపైనా సమాజంపైనా చూపే ప్రభావాలను గురించి ఆస్ట్రియా దేశంలో 1931-32లో జరిగిన పరిశోధన. మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ దీని ప్రధాన పరిశోధకులు. నివేదిక 1933లో జర్మన్ భాషలో పుస్తకంగా వెలువడింది.

నేపథ్యం

మారియెంటాల్ వియన్నా నగరానికి ఆగ్నేయంగా, గ్రామట్‌నాయ్‌సీడ్ల్ పరిధిలో ఉన్న కార్మికవాడ. ఇక్కడివారికి ఒక్క జౌళి మిల్లే జీవనాధారం. ఆర్థిక మాంద్యం వలన 1930 నాటికి ఆ మిల్లు మూతపడినది. 478 కుటుంబాలలో సుమారు నాలుగింట మూడు వంతులు ప్రభుత్వ భృతిపై ఆధారపడవలసి వచ్చింది. ఆ భృతి కూడా కాలక్రమేణా తగ్గి, చివరకు నిలిచిపోయేది.

లాజర్స్‌ఫెల్డ్ మొదట కార్మికుల తీరిక సమయంపై పరిశోధించదలచాడు. రాజకీయ నాయకుడు ఒట్టో బవర్ సూచనపై నిరుద్యోగాన్ని అంశంగా ఎంచుకున్నాడు.

పరిశోధన విధానం

పరిశోధకులు దుస్తుల పంపిణీ, ఉచిత వైద్యం వంటి సేవలు చేస్తూ ప్రజలకు దగ్గరయ్యారు. కుటుంబాల భోజన వివరాలు, దినచర్య పట్టికలు, పిల్లల వ్యాసాలు సేకరించారు. వీధిలో మనుషుల నడక వేగాన్ని కూడా కొలిచారు.

ముఖ్య ఫలితాలు

* కాలం: తీరిక పెరిగినా అది వరం కాలేదు. పురుషులు రోజంతా ఏమి చేశారో చెప్పలేకపోయారు. వారి నడక మందగించింది. స్త్రీలకు మాత్రం ఇంటిపని తప్పలేదు.
* ఆసక్తి: గ్రంథాలయ రుసుము రద్దు చేసినప్పటికీ, 1929-1931 మధ్య పుస్తకాలు తీసుకొనడం దాదాపు సగానికి తగ్గినది.
* ఆశ: క్రిస్మస్ కానుకలుగా ఇక్కడి పిల్లలు కోరినవి పొరుగు గ్రామాల పిల్లల కోరికలకంటే చిన్నవి.
* సమాజం: సంఘాల కార్యకలాపాలు క్షీణించాయి. భృతి పొందుతూ రహస్యంగా పనిచేస్తున్నారని ఇరుగుపొరుగుపై ఫిర్యాదులు పెరిగాయి. వాటిలో అధికభాగం నిరాధారమైనవి.

నిరుద్యోగం తిరుగుబాటుకు దారితీస్తుందనే అభిప్రాయానికి భిన్నంగా, ఇక్కడ ఎక్కువగా కనిపించినది నిర్లిప్తత. పని లేనివారు సోమరులనే అపోహను కూడా ఈ పరిశోధన సవాలు చేసింది: ఇక్కడ నిరాసక్తత ఉపాధి పోవడానికి కారణం కాదు, ఉపాధి పోయిన తరువాత వచ్చిన ఫలితం.

తరువాతి పరిణామాలు

యహోడా 1936లో రాజకీయ కారణాలపై అరెస్టయి, 1937లో బ్రిటన్‌కు ప్రవాసం వెళ్ళినది. ఉద్యోగం జీతంతోపాటు దినచర్యకు క్రమం, ఇంటి వెలుపలి సంబంధాలు, ఉమ్మడి లక్ష్యం, సామాజిక గుర్తింపు, నిత్యవ్యాపకం అనే అయిదింటిని ఇస్తుందని ఆమె తరువాతి రచనలలో వివరించినది. అందువలన భృతి ఆకలిని కొంత తీర్చగలదే గాని, ఈ లోటును పూడ్చలేదు.

2020లో గ్రామట్‌నాయ్‌సీడ్ల్‌లోనే దీర్ఘకాల నిరుద్యోగులకు ఉపాధి హామీనిచ్చే ప్రయోగం ప్రారంభమైనది. పాల్గొన్నవారి ఆదాయంతోపాటు మానసిక స్థితి, సామాజిక సంబంధాలు కూడా మెరుగుపడినట్లు దాని పరిశీలనలో తేలింది.

ఇవి కూడా చూడండి

* నిరుద్యోగం
* ఆర్థిక మాంద్యం